మన ఆడపిల్లలకు డాక్టరమ్మ ఒక గంట ఇవ్వాలి



మన ఇళ్లలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఏం చేస్తామో అందరికీ తెలుసు. బంధువులకు కబురు పెడతాం. మేనమామ చీర తెస్తాడు. చిమ్మిలి ఉండలు చేసి పెడతాం. ఉన్నవాళ్లు టెంటు వేయించి, ఫోటోలు తీయించి, రెండు మూడు వందల మందికి భోజనాలు పెడతారు. మన సంఘాల్లో అయితే పాస్టరు గారిని పిలిచి ప్రార్థన కూడా చేయిస్తాం. ఇంత హడావిడిలో ఒక్క పని మాత్రం చాలా ఇళ్లలో జరగదు. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "అమ్మా, నీ ఒంట్లో జరిగింది ఇదీ, రక్తం ఇందుకు వస్తుంది, ఇందులో భయపడాల్సిందీ సిగ్గుపడాల్సిందీ ఏమీ లేదు" అని ఎవరూ చెప్పరు. "అది ముట్టుకోకు, ఇటు రాకు, నాన్నకు వినపడేలా మాట్లాడకు" అని మాత్రం చెబుతారు.

ముప్పై ఏళ్లకు పైగా ఆడవాళ్ల వార్డులో, కాన్పుల గదిలో, ఓ.పి.లో పని చేస్తున్నాను. జబ్బు ముదిరాక మన దగ్గరకు వచ్చే ఆడవాళ్లలో చాలామందికి మందు కంటే ముందే అందవలసినది ఒక మాట. అది పదమూడేళ్లప్పుడో పదిహేనేళ్లప్పుడో అంది ఉంటే, ముప్పై ఏళ్లప్పుడు ఆ మంచం ఎక్కవలసిన పని ఉండేది కాదు. అందుకే ఈ సంచికలో నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. మన ఆసుపత్రుల్లోని లేడీ డాక్టర్లు నెలకు ఒక గంట ఓ.పి. గదిలోంచి బయటికి వచ్చి, ఆడపిల్లల మధ్య కూర్చుని మాట్లాడాలి. ఆ గంటను ఖాళీ దొరికితే చేసే సేవగా కాకుండా డ్యూటీగా లెక్క కట్టాలి. దానికి చోటు ఇవ్వడం, పిల్లలను పంపడం సంఘాల బాధ్యత, తల్లుల బాధ్యత.

డాక్టరమ్మలు మన దేశానికి ఎందుకు వచ్చారు?

ఇది కొత్త మాట కాదు. మిషన్ ఆసుపత్రులు మొదలైందే ఈ పని మీద.

డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారు 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. పెన్సిల్వేనియాలోని మహిళా వైద్య కళాశాలలో చదివి 1879లో డాక్టరు అయ్యారు. కానీ ఆమెను పంపిన మిషన్ వారు మొదట వైద్యం చేయడానికి పంపలేదు. ఇళ్లలోంచి బయటికి రాని స్త్రీలకు ఇంటింటికీ వెళ్లి చదువు చెప్పే పని అప్పగించారు. ఆమె మందుల పెట్టె వెంట తెచ్చుకున్నారు. చదువు చెప్పడానికి వెళ్లిన ఇళ్లలోనే జ్వరంతో ఉన్న పిల్లలు, కాన్పయి లేవలేని తల్లులు కనిపించారు. ఆమె చూడకుండా ఉండలేకపోయారు. 1885లో ఆమెను వైద్య మిషనరీగా గుర్తించారు. 1898లో గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. 1930లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. ఇప్పటికీ గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి అంటే తెలియనివారు తక్కువ.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. చెప్పడమూ, చూడడమూ మొదటి రోజు నుంచీ ఆమె ఒక్క చేతిలోనే ఉన్నాయి. ఒక డాక్టరు చీటీ రాయడం, ఇంకెవరో చెప్పడం అనే పంపకం అప్పుడు లేదు.

మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరలో ఉన్న వేలూరు సంగతి మీలో చాలామందికి తెలుసు. అక్కడ ఆసుపత్రి మొదలుపెట్టిన డాక్టర్ ఐడా స్కడర్ గారికి మొదట డాక్టరు కావాలన్న కోరిక లేదు. ఆమె తండ్రి డాక్టరు. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమై ఉన్న తమ భార్యలను కాపాడమని ఆమెను అడిగారు. తనకు వైద్యం రాదు, నాన్నగారు వస్తారు అంటే, మగ డాక్టరును ఇంట్లోకి రానివ్వమని వెనక్కి వెళ్లిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆ తర్వాతే ఆమె వైద్యం చదివి 1900లో తిరిగి వచ్చారు. 1909లో నర్సింగ్ శిక్షణ, 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల ప్రారంభించారు. ఆసుపత్రిలో కూర్చుని రోగుల కోసం ఎదురు చూడకుండా దారి వెంబడి ఊళ్లకు వెళ్లి, చెట్ల కింద వైద్యం చేశారు.

మన దేశపు స్త్రీలు కూడా వెనకబడి లేరు. కుగ్లర్ గారు చదివిన కళాశాలలోనే మహారాష్ట్రకు చెందిన ఆనందీబాయి జోషి గారు చదివి 1886లో డాక్టరు అయ్యారు. చిన్న వయసులో తల్లి అయి, పుట్టిన బిడ్డను పది రోజులకే పోగొట్టుకున్న స్త్రీ ఆమె. ఆ దుఃఖమే ఆమెను వైద్యం వైపు నడిపించింది. స్వదేశం చేరిన కొద్ది నెలలకే, 1887లో, 21 ఏళ్ల వయసులో క్షయతో చనిపోయారు. 1912లో మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి పట్టం పుచ్చుకున్న డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు మద్రాసు శాసన మండలిలో మొదటి మహిళా సభ్యురాలై, దేవదాసీ పద్ధతి పోవాలని, ఆడపిల్లల పెళ్లి వయసు పెరగాలని పోరాడారు. మన కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. ఇక మన తెలుగు డాక్టరు కొమర్రాజు అచ్చమాంబ గారు విజయవాడలో వైద్యం చేస్తూనే, మామూలు చదువు వచ్చిన ఆడవాళ్లకు అర్థమయ్యేలా ప్రసూతి గురించి, శిశు పోషణ గురించి తెలుగులో పుస్తకం రాశారు. 1957లో పార్లమెంటుకు కూడా ఎన్నికయ్యారు.

వీళ్లందరూ రోగం నయం చేయడంతో పని అయిపోయిందనుకోలేదు. స్త్రీకి తెలియకపోవడం, తన ఒంటి గురించి ఆమె నోరు విప్పలేకపోవడం కూడా రోగమేనని గుర్తించారు. ఈ రోజు ప్రతి పట్టణంలో లేడీ డాక్టర్లు ఉన్నారు. తలుపు తీసే ఉంది. కానీ లోపల మాట మాత్రం ఇంకా సరిగ్గా మొదలు కాలేదు.

చెప్పకుండా ఇచ్చిన మాత్ర

మాట లేకపోతే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది రక్తహీనత. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 60 మందికి, తెలంగాణలో నూటికి దాదాపు 65 మందికి రక్తం తక్కువగా ఉంది. అంటే మన సండే స్కూలులో వరసగా పదిమంది అమ్మాయిలను కూర్చోబెడితే వారిలో ఆరుగురికి. హిమోగ్లోబిన్ 12 ఉండవలసిన చోట తొమ్మిదో పదో ఉంటుంది. మెట్లు ఎక్కితే ఆయాసం, చదివింది గుర్తుండకపోవడం, ఎప్పుడూ నీరసం. ఇంట్లో వాళ్లు "బద్ధకం" అంటారు. ఆ పిల్లే రేపు కాన్పుకు వస్తుంది. మామూలు పిల్ల తట్టుకోగల రక్తస్రావాన్ని ఆ పిల్ల తట్టుకోలేదు. రాత్రి రెండు గంటలకు బ్లడ్ బ్యాంకు చుట్టూ తిరిగే భర్తలను నేను ఎంతమందిని చూశానో చెప్పలేను.

దీనికి ప్రభుత్వం మందు ఇస్తూనే ఉంది. బడుల్లో వారానికి ఒకసారి నీలం రంగు ఐరన్ మాత్ర, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర ఇస్తారు. కానీ చాలామంది పిల్లలు ఆ ఐరన్ మాత్రను కిటికీలోంచి పారేస్తారు. ఎందుకని అడిగితే, "మొదటిసారి వేసుకున్నప్పుడు కడుపులో తిప్పింది, విరేచనం నల్లగా వచ్చింది, భయమేసింది" అంటారు. అన్నం తిన్నాక వేసుకోవాలని, నల్లగా రావడం మామూలేనని, టీ తాగి వెంటనే వేసుకుంటే ఒంటికి పట్టదని, నిమ్మరసమో జామకాయో తింటే బాగా పడుతుందని ఎవరైనా రెండు నిమిషాలు కూర్చుని చెప్పి ఉంటే, ఆ మాత్ర కడుపులోకి వెళ్లేది.

రెండవది పెద్ద సంగతి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ హెచ్.పి.వి. అనే వైరస్ వల్ల వస్తుంది. దానికి టీకా ఉంది. పెళ్లికి ముందే, 9 నుంచి 14 ఏళ్ల లోపు వేయిస్తే బాగా పని చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ టీకాను 2009లో, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ప్రయోగాత్మకంగా వేశారు. వారిలో చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండే పిల్లలు. ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ అంగీకారం తీసుకున్న పద్ధతిని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది.

ఒక మంచి టీకా మీద ఏళ్ల తరబడి భయం ఎందుకు నిలిచిపోయింది? పిల్లకు గానీ తల్లికి గానీ ఏమిస్తున్నారో, ఎందుకిస్తున్నారో ముందుగా కూర్చుని చెప్పకపోవడం అందులో పెద్ద కారణమని నేను అనుకుంటున్నాను. చెప్పకుండా ఇచ్చిన మాత్ర కిటికీలోంచి పోతుంది. చెప్పకుండా వేసిన టీకా భయాన్ని మిగులుస్తుంది. ఈ రోజు టీకా మన దేశంలోనే తయారవుతోంది, ఖరీదు తగ్గింది. ఇప్పుడైనా ముందు మాట, తర్వాత సూది అన్న వరస తప్పకూడదు.

తెల్లబట్ట నుంచి ఆపరేషన్ బల్ల దాకా

మన రెండు రాష్ట్రాల ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఉన్న బాధ ఒకటి చెప్పాలి. గర్భసంచి తీసివేసే ఆపరేషన్లు. 2015-16 సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 3 మందికి గర్భసంచి తీసివేసి ఉంటే, తెలంగాణలో నూటికి దాదాపు 8 మందికి, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మందికి తీసివేశారు. మన ఆడవాళ్ల గర్భసంచులు మాత్రమే అంత త్వరగా ఎందుకు చెడిపోతాయి?

నాకు తెలిసినంతవరకు దీని కథ చాలాచోట్ల ఒకేలా ఉంటుంది. పదిహేను, పదహారేళ్ల పిల్లకు కొంచెం తెల్లబట్ట అవుతుంది. ఆ వయసులో కొద్దిగా కావడం సహజం. వాసన, దురద, రంగు మార్పు ఉంటేనే మందు కావాలి. కానీ "తెల్లబట్ట అయితే ఎముకలు కరిగిపోతున్నట్టు" అని ఎవరో అంటారు. పిల్ల భయపడుతుంది, ఎవరికీ చెప్పదు. పెళ్లి అవుతుంది. నడుం నొప్పి వస్తుంది. రక్తం లేదు, తిండి సరిగ్గా లేదు, పొలం పని చేస్తూ బిందెలు మోస్తుంది. ఇద్దరు పిల్లలు పుట్టాక కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంటుంది. ముప్పై దాటకుండానే ఎవరో "సంచి పాడైంది, క్యాన్సర్ అవుతుంది, తీసేస్తే పీడ పోతుంది" అంటారు. పిల్లలు పుట్టేశారు కాబట్టి ఇక దానితో పనేముందని ఇంట్లో వాళ్లూ అంటారు. సంతకం భర్త చేస్తాడు.

గర్భసంచి తీయక తప్పని సందర్భాలు ఉన్నాయి. క్యాన్సర్, పెద్ద గడ్డలు, ఏ మందుకూ ఆగని రక్తస్రావం. అప్పుడు ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. కానీ మందులతో తగ్గే ఇన్ఫెక్షన్‌కు, నడుం నొప్పికి సంచి తీయించుకున్న స్త్రీలు కొన్నాళ్లకు ఒంట్లో ఆవిర్లు, కీళ్ల నొప్పులు, నిద్రలేమి అంటూ మళ్లీ వస్తారు. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఏళ్లకే ముట్లుడిగిన ఒళ్లయిపోతుంది, ఎముకల బలం తగ్గుతుంది. నడుం నొప్పి అలాగే ఉంటుంది.

ఏది సహజం, ఏది జబ్బు, ఏ ఆపరేషన్‌కు ముందు రెండో డాక్టరును కూడా అడగాలి అనే మూడు సంగతులు ఆ స్త్రీకి పదహారేళ్లప్పుడే తెలిసి ఉంటే, "ఎందుకు తీయాలి డాక్టరు గారూ? వేరే దారి లేదా?" అని అడిగి ఉండేది. సాధికారత అనే మాట ఇప్పుడు ప్రతి మీటింగులో వినిపిస్తోంది. నా దృష్టిలో సాధికారత అంటే ఆ ఒక్క ప్రశ్న అడగగలగడం.

డాక్టరమ్మే ఎందుకు?

"సిస్టర్లు ఉన్నారు, ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు ఉన్నారు, వాళ్లు చెప్పరా?" అని మీరు అడగవచ్చు. చెబుతారు. రోజూ చెబుతూనే ఉన్నాం. నర్సుగా ఆ పని విలువ తగ్గించుకోవడం నాకు ఇష్టం లేదు. కానీ ఉన్న మాట చెప్పాలి. నేను "పదిహేడేళ్లకు పెళ్లి వద్దమ్మా" అంటే, అమ్మమ్మ "మాకు పదమూడుకే అయింది, బతకలేదా?" అంటుంది. అదే మాట డాక్టరమ్మ అంటే, "డాక్టరమ్మే చెప్పింది" అని ఇంటికి వెళ్లి నాన్నతో చెబుతుంది. మన ఊళ్లలో ఆ మాటకు ఉన్న బరువు అది. ఆ బరువు ఓ.పి. గదిలోనే ఉండిపోతే ఎవరికి లాభం?

పెళ్లి సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2019-21 సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండా పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో నూటికి 23 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులై గానీ గర్భంతో గానీ ఉన్నారు. చట్టం తప్పని అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆ వయసుకు కటి ఎముకలు పూర్తిగా ఎదగవు, బిడ్డ బయటికి రావడం కష్టమవుతుంది, బి.పి. పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువ, పుట్టే బిడ్డ బరువు తక్కువ. ఇది పోలీసు చెబితే బెదిరింపు అవుతుంది. డాక్టరు చెబితే కారణం అవుతుంది.

ఇంకొక లాభం కూడా ఉంది. పల్లెటూరి పిల్ల ఎదురుగా ఒక స్త్రీ స్టెతస్కోపు వేసుకుని కూర్చుని, సిగ్గు లేకుండా, వెకిలితనం లేకుండా, నెలసరి గురించి పాఠం చెప్పినట్టు చెబితే, ఆ పిల్ల రెండు సంగతులు నేర్చుకుంటుంది. ఇది మాట్లాడదగిన విషయమే అన్నది ఒకటి. ఆడపిల్ల అక్కడి దాకా ఎదగవచ్చు అన్నది రెండోది.

మంచి మగ డాక్టర్లు ఎందరో ఉన్నారు. వాళ్ల చేతుల మీదుగా బతికిన తల్లులు ఎందరో ఉన్నారు. కానీ పద్నాలుగేళ్ల పిల్ల నోరు విప్పడానికి ఇప్పటికీ ఆడ మనిషే కావాలి. వేలూరులో ఆ రాత్రి జరిగిన దానికీ దీనికీ తేడా ఎంత అనుకుంటున్నారు?

మీరు అనే మాటలు, నా జవాబులు

"ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారు" అంటారు కొందరు పెద్దలు. పిల్లల చేతుల్లో ఇప్పుడు సెల్‌ఫోన్లు ఉన్నాయి. మనం చెప్పకపోతే వాళ్లకు తెలియకుండా పోదు. తప్పుగా తెలుస్తుంది, తప్పుడు మనుషుల దగ్గర తెలుస్తుంది. పైగా ఎవరైనా చేయకూడని చోట చేయి వేస్తే, అది తప్పని, అమ్మకో టీచరుకో వెంటనే చెప్పాలని, 1098కి ఫోన్ చేయవచ్చని తెలిసిన పిల్ల, ఏమీ తెలియని పిల్ల కంటే భద్రంగా ఉంటుంది.

"అది తల్లి చెప్పవలసిన పని" అంటారు మరికొందరు. నిజమే. కానీ ఆ తల్లికి ఎవరు చెప్పారు? తనకు తెలియనిది ఆమె ఎలా చెబుతుంది? అందుకే తల్లులు కూడా రావాలి. మొదటిసారి తల్లీ కూతుళ్లను కలిపి కూర్చోబెట్టి, తర్వాత పిల్లలను విడిగా కూర్చోబెడితే బాగుంటుంది.

"డాక్టరమ్మకు టైము ఎక్కడిది?" అనేది నిజమైన ఇబ్బంది. అయితే లెక్క చూడండి. నలభై మంది అమ్మాయిలకు ఓ.పి.లో ఒక్కొక్కరికి ఐదు నిమిషాల చొప్పున చెబితే 200 నిమిషాలు. మూడు గంటలు దాటుతుంది. అందరినీ ఒకచోట కూర్చోబెడితే ఒక గంట. ఆ గంట రేపటి ఓ.పి.ని తగ్గిస్తుంది కూడా.

"సంఘంలో, దేవుని మందిరంలో ఈ మాటలా?" అని కూడా అంటారు. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ గురించి మనం ఎన్నోసార్లు ప్రసంగాలు విన్నాం. ఆమె గుంపులో అందరి ఎదుటా నోరు విప్పి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమె కథ చెప్పుకోదగిన చోట మన పిల్లల బాధ చెప్పుకోకూడదా?

ఆ గంట ఎలా ఉండాలి?

నాకు తోచింది చెబుతున్నాను.

1. అమ్మాయిలను రెండు గుంపులుగా, 11 నుంచి 14 ఏళ్లవారిని ఒకటిగా, 15 నుంచి 19 ఏళ్లవారిని ఒకటిగా కూర్చోబెట్టాలి. చిన్నవాళ్లకు అవసరమైనది వేరు, పెద్దవాళ్లకు అవసరమైనది వేరు.

2. మాట తెలుగులో ఉండాలి. గర్భసంచి, అండాశయం, నెలసరి అని మామూలుగా పలకాలి. పెద్ద బొమ్మ ఒకటి గోడకు తగిలిస్తే సగం పాఠం అయిపోయినట్టే.

3. ఒక అట్టపెట్టె పెట్టాలి. పేరు లేకుండా ప్రశ్న రాసి వేయమనాలి. చేయెత్తి అడగలేని పిల్ల చీటీ మీద అడుగుతుంది. అసలైన ప్రశ్నలన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయి.

4. నెలసరి గురించి ఇంటికి తీసుకెళ్లగలిగేలా చెప్పాలి. గుడ్డ వాడినా ప్యాడ్ వాడినా నాలుగు నుంచి ఆరు గంటలకు మార్చాలి. గుడ్డను సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. లంగా కింద దాచి ఆరేస్తే తడి పోదు, ఇన్ఫెక్షన్ వస్తుంది. ఏడు రోజులు దాటి రక్తం పోయినా, గంట గంటకూ ప్యాడ్ తడిసిపోయినా, 15 ఏళ్లు నిండినా మొదటి నెలసరి రాకపోయినా డాక్టరుకు చూపించాలి.

5. ఆ రోజే అందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేసి, అంకె ఆ పిల్ల చేతికే చీటీ మీద రాసి ఇవ్వాలి. మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి. తోటకూర, మునగాకు, పప్పు, గుడ్డు, చేపలు, మాంసం ఇంట్లో ఉన్న రోజున ఆమెకూ పెట్టారా అని అడగాలి. అందరూ తిన్నాక మిగిలింది తినే పిల్లకు మాత్ర ఒక్కటే ఏం చేస్తుంది?

6. డాక్టరమ్మ వెళ్లిపోయాక నర్సు ఆ ఊరిని వదలకూడదు. వచ్చే నెల దాకా ఎవరు మాత్ర వేసుకుంటున్నారు, ఎవరికి పెళ్లి మాటలు నడుస్తున్నాయి అని చూసుకోవడం మా పని. తలుపు డాక్టరమ్మ తీస్తే, అది మూసుకుపోకుండా పట్టుకునేది మేము.

డాక్టరమ్మలకు ఒక మాట

మీ మీద గౌరవంతోనే రాస్తున్నాను. ఓ.పి.లో అమ్మాయి ఎదురుగా కూర్చుని ఉన్నా ప్రశ్నలన్నీ తల్లినో అత్తగారినో అడుగుతాం. "ఎప్పటి నుంచి?" అంటే అత్తగారు చెబుతుంది. "నొప్పి ఉందా?" అంటే తల్లి చెబుతుంది. ఆ పిల్ల తల వంచుకుని కూర్చుంటుంది. దయచేసి ఆమెనే అడగండి. రెండు నిమిషాలు తోడు వచ్చినవారిని బయట కూర్చోమనండి. పెళ్లి కాని పిల్ల తెల్లబట్ట అని వస్తే అనుమానంగా చూడకండి. ఒక్క గద్దింపు చాలు, ఆ పిల్ల ఇంకెప్పుడూ ఆసుపత్రి గడప ఎక్కదు. పదేళ్ల తర్వాత జబ్బు ముదిరాకే కనిపిస్తుంది.

తల్లులకు ఒక మాట

అమ్మలారా, మీ అమ్మాయిని పంపండి, మీరూ రండి. తొమ్మిదేళ్లు దాటిన పాప ఉంటే హెచ్.పి.వి. టీకా గురించి అడగండి. అర్థమయ్యేదాకా అడగండి, అర్థమయ్యాకే వేయించండి. మీకు 30 దాటితే, మీరు కూడా గర్భసంచి ముఖద్వార పరీక్ష చేయించుకోండి. కొద్ది నిమిషాల పని. మీరు చేయించుకుంటే మీ అమ్మాయి చూసి నేర్చుకుంటుంది.

సంఘ పెద్దలను నేను అడిగేది చిన్నది. నెలకు ఒక శనివారం మధ్యాహ్నం ఒక గంట, ఒక గది, తాగడానికి నీళ్లు, తలుపు దగ్గర మగపిల్లలు నిలబడకుండా చూసే ఒక పెద్దావిడ. యౌవనస్థుల కూటాలకు, పండుగ అలంకరణలకు చోటు ఉన్న మన సంఘాల్లో దీనికి చోటు లేదంటే నేను ఒప్పుకోను.

అమ్మాయిలూ, చివరిగా మీకు. డాక్టరమ్మ వచ్చిన రోజు వెనక బెంచీలో కూర్చోకండి. ముందుకు రండి. మీ ఒంటి గురించి మీరు అడిగే ప్రశ్న ఏదీ తప్పు ప్రశ్న కాదు. అడగండి. జవాబు అర్థం కాకపోతే మళ్లీ అడగండి.